ఏమీ కాలేదన్న వార్త

పత్రికలో పనిచేసినన్నాళ్లూ కొత్తగా చేరిన ప్రతి విలేకరికీ నేను ఒకే పాఠం చెప్పేవాణ్ని. ముఖ్యమైన సంగతి మొదట రాయి, తోక ఎప్పుడైనా తెగుతుంది అని. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో కూర్చున్నవాడు వార్తంతా చదివి, ఆలోచించి కత్తిరించడు. అంత తీరిక అతనికి ఉండదు. కింది నుంచి కోసుకుంటూ వస్తాడు. సిద్దిపేట చుట్టుపక్కల మండలాల్లో ఇప్పుడు రాస్తున్నవాళ్లలో చాలామంది ఈ మాట నా నోటనే విన్నారు. తొగుట నుంచి ఒక కుర్రాడు ఎడ్ల పోటీల వార్త పంపి, గెలిచిన రైతు పేరు ఆఖరి వాక్యంలో రాస్తే, ఆ వాక్యం తెగిపోయి, రైతు నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చాడు. ఆ కుర్రాణ్ని నేను అందరి ముందూ కడిగేశాను.

అలాంటి నేనే చేసిన పని ఇది. రహస్యమేమీ కాదు. ఊళ్లో చాలామందికి తెలుసు, కొందరు నవ్వుకున్నారు కూడా. ఇప్పుడు వృత్తిలోకి వస్తున్న మీలాంటివాళ్లు దీన్ని ఒక తమాషా సంగతిగా విని ఉంటారు. అంత తమాషాగా మాత్రం జరగలేదు.

నా ఉద్యోగంలో అది చివరి ఏడాది. పాత బస్టాండు వెనక సందులో ఒక మటన్ దుకాణం ఉంది. ఇప్పటికీ ఉంది. తాతల నాటి దుకాణం. దాని యజమాని నాకంటే కొంచెం చిన్నవాడు. తూకంలో ఎన్నడూ మాట రానిచ్చేవాడు కాదు గానీ, మాటకు మాట అంటించకుండా ఎవరినీ పంపేవాడు కాదు. ఎముకలు ఎక్కువ వేశావని ఎవరైనా అంటే, "బొక్కల్లేని గొర్రె దొరికితే నాగ్గూడ చెప్పన్నా, పెంచుకుంట" అనేవాడు. పక్కన చిన్న పీట మీద ఆయన భార్య కూర్చుని, గిరాకీని ఒక వరసలో నిలబెట్టేది. ఆమె చూపు దాటి వరస తప్పడం ఎవరివల్లా అయ్యేది కాదు.

ఒక ఆదివారం పొద్దున నేను వరసలో నిలబడి ఉండగా, ముప్పై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి ఐసు డబ్బా పట్టుకుని వచ్చింది. యజమాని వరసను ఆపి, పొట్టేలు కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వును వేళ్లతో విడదీసి, అందులోంచి ఒక చిన్న గడ్డను ఒడుపుగా తీసి డబ్బాలో వేశాడు. ఈతపండంత ఉంది. కొవ్వుతో పాటు చెత్తలోకి పోయే వస్తువు అది. అదేమిటని అడిగాను.

"మేడం సదువు సార్ గది," అన్నాడు యజమాని గర్వంగా. "మనం పారేసేదాంట్లనే ఆమెకు డాక్టరు పట్టా ఉన్నదట."

ఆ అమ్మాయి ఊరి వెలుపల ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, అక్కడి చిన్న ప్రయోగశాలలో పరిశోధన చేసుకుంటోంది. బెజ్జంకి వైపు ఒక పల్లె. కల్లు గీసే ఇంటి బిడ్డ. విలేకరి ముక్కు ఊరుకోదు కాబట్టి మరునాడే నేను ఆ ప్రయోగశాలకు వెళ్లాను. ఆమె ఓపికగా చెప్పింది. నాకు సైన్సు పదో తరగతితోనే ముగిసింది, అయినా అర్థమైంది. అర్థమైంది కాబట్టే తర్వాత జరిగినదానికి సాకు లేకుండా పోయింది.

మన కిడ్నీల మీద టోపీల్లా రెండు గ్రంథులు ఉంటాయి, డబ్బాలో పడిన గడ్డ పొట్టేలులో అలాంటిదే. భయం వేసినా, దెబ్బ తగిలినా నరాల మీదుగా కబురు వెళ్లి, ఆ గ్రంథుల లోపలి కణాలు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె దడ, అరచేతుల చెమట అక్కడి నుంచే. కబురు ఆ నరాల దారిలోనే రానక్కర లేదు. దద్దుర్లు, తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే పదార్థం తగిలినా ఆ కణాలు అడ్రినలిన్‌ను వదులుతాయి. ఒక గదికి రెండు తలుపుల్లాంటిది. మార్ఫిన్ లాంటి మందులు, అంటే నల్లమందు జాతి నొప్పి మందులు, మొదటి తలుపు చప్పుడును కొంత తగ్గిస్తాయని ఆమెకు ముందువాళ్లు చూసి ఉన్నారు. మరి రెండో తలుపు మాటేమిటి? ఆమె ప్రశ్న అది.

ఈ ప్రశ్నే ఎందుకు ఎంచుకున్నావమ్మా అని అడిగాను.

"మా బాపు తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు సార్. దవాఖానల నొప్పికి మార్ఫిన్ ఇచ్చిన్రు. నొప్పి తగ్గింది గని, ఒళ్లంత ఒకటే గోకుడు. నర్సమ్మ వచ్చి, గీ మందుకు ఒంట్ల హిస్టమిన్ లేస్తదమ్మా, భయపడకు అన్నది. నేను డిగ్రీల ఉన్న అప్పుడు. బాపు గోక్కుంట కూసుంటే, నేను పక్కన కూసోని గదే ఆలోచన. ఇటు మందు, అటు హిస్టమిన్, రెండూ లోపల ఉన్నయి గదా, లోపల ఎవలి మాట నడుస్తున్నది అని."

ఫలితం ఏమొచ్చిందని అడిగాను. దుకాణం నుంచి తెచ్చిన గ్రంథుల్లోని కణాలను విడదీసి, వెచ్చని ద్రావణంలో బతికించి, కొన్నిటికి హిస్టమిన్ ఒక్కటే, కొన్నిటికి దాంతో పాటు మార్ఫిన్ జాతి మందూ తగిలించి, ఎంత అడ్రినలిన్ బయటికి వచ్చిందో కొలుస్తోందట. ఇప్పటిదాకా చూసినదాంట్లో తేడా దాదాపు లేదు. మందు రెండో తలుపు జోలికి పోవడం లేదు. ఇంకా చాలాసార్లు చూడాలి, ఇది గొర్రె కణాల సంగతి, మనిషికి అంటగట్టి రాయొద్దు అని రెండుసార్లు చెప్పింది.

నేను మంచి వార్తే రాశాను. తాటిచెట్టు మీద నుంచి పడిన తండ్రి ఒళ్లు గోక్కుంటుంటే కూతురికి వచ్చిన సందేహం ఇది అని మొదలుపెట్టాను. మందు గొర్రెకు ఇవ్వరని, గ్రంథి దుకాణం దాటి ప్రయోగశాలకు చేరాకే కణాల మీద వేస్తారని, మనం తినే మాంసానికి దీనితో ఏ సంబంధమూ లేదని రెండో పేరాలోనే స్పష్టంగా పెట్టాను. ఆ వెంటనే ఫలితం. రాసి పంపాక తృప్తిగా టీ కూడా తాగాను.

సాయంత్రం డెస్కు ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. నాకంటే బాగా చిన్నవాడు, మర్యాదస్తుడు. "బాగుంది సార్. గని ఆఖరుకు ఏం తేలింది?"

"తేడా ఏం లేదని తేలింది."

"తేడా లేకుంటే వార్తెట్లయితది సార్? వాన పడలేదని ఎవరన్న రాస్తరా?"

వాన పడకపోవడం మా జిల్లాలో ఎప్పుడూ వార్తే. ఆ జవాబు నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. ఆ సాయంత్రం మాత్రం నా మనసులో వేరే లెక్క నడుస్తోంది.

ఆ లెక్క ఏమిటో మీకు చెప్పక్కర లేదు, మీరూ అందులోనే ఉన్నారు. దసరా దగ్గరపడితే విలేకరి సగం విలేకరి, సగం ప్రకటనల మనిషి. దుకాణం దుకాణానికీ తిరిగి, చేతులు జోడించిన ఫోటోలతో శుభాకాంక్షలు పోగుచేయాలి. ఆ మటన్ దుకాణం యజమాని ఏటా నాకు చిన్న ప్రకటన ఇచ్చేవాడు. ఈసారి వార్తతో పాటు ఆయన దుకాణం ఫోటో పడితే పెద్దది ఇస్తాడని నా ఆశ. అందుకే ముందురోజే వెళ్లి, బోర్డు మొత్తం కనబడేలా ఆయన్ను దాని కింద నిలబెట్టి నా ఫోనులో ఫోటో తీశాను. ఆయన లోపలికి వెళ్లి ఇస్త్రీ అంగీ వేసుకొచ్చాడు. "ఈసారి పెద్దగనే ఇద్దాం సార్ యాడ్. మీరు నన్ను సైంటిస్టును చేస్తున్నరు" అన్నాడు. వార్త పడకపోతే ఫోటో లేదు. ఫోటో లేకపోతే పెద్ద ప్రకటన లేదు.

డెస్కు వాడికి "మళ్లీ పంపుతా" అన్నాను. మళ్లీ రాశాను. తండ్రిని తీసేశాను. 'మత్తుమందు' అనే మాటను మొదటి వాక్యంలోకి లాగాను. మార్ఫిన్ మత్తుమందే కదా, అబద్ధం లేదు. తేడా ఏమీ లేదన్న సంగతినీ, మాంసానికి సంబంధం లేదన్న సంగతినీ చివరి పేరాలో పెట్టాను. నలుగురికీ పాఠం చెప్పిన చేత్తో, తెగిపోయేచోట పెట్టాను. కావాలని చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. కాదనే అనుకుంటాను. అయితే పెట్టేటప్పుడు తెలియదా అంటే, తెలుసు.

మరునాడు జిల్లా అనుబంధంలో మొదటి పేజీలో పడింది. 'పొట్టేలు గ్రంథులపై మత్తుమందు' అని ఎర్రక్షరాల్లో శీర్షిక. కింద, దుకాణం బోర్డు, చేతిలో కత్తితో నవ్వుతూ యజమాని. ఆఖరి పేరా లేదు.

మీకు తెలుసు కదా, ఇప్పుడు పత్రికను మడత విప్పి చదివేవాళ్లకంటే ఫోనులో ముక్క చూసేవాళ్లే ఎక్కువ. శీర్షిక, ఫోటో మాత్రమే కత్తిరించి ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. మధ్యాహ్నానికి ఊరంతా తిరిగింది. మా ప్రాంతంలో కల్లులో మత్తుమందు కలిపే కల్తీ గురించి ఏళ్ల తరబడి మేమే రాసి రాసి, ఆ మాట చెవిన పడితే జనం ఉలిక్కిపడేలా చేసి పెట్టాం. ఆ భయమంతా ఇప్పుడు ఒక బోర్డు మీదికి వచ్చి వాలింది. కాళ్లు కొట్టుకోకుండా పొట్టేళ్లకు సూది ఇస్తారట అని ఒకరు, అక్కడి కూర తింటే నిద్ర ఆగదట అని ఇంకొకరు. దారిన పోయేవాళ్లు నిలబడి హాస్యాలాడటం మొదలైంది. ఒకాయన, "కూరతోని మంచం గూడ ఇస్తున్నవా తమ్మీ?" అన్నాడట. మొదటి రెండు రోజులు యజమాని కూడా మాటకు మాట అన్నాడు. తర్వాత మానేశాడు. ఎవరికీ జవాబు చెప్పని ఆ మనిషిని చూడలేక నేను ఆ సందులోంచి వెళ్లడమే తగ్గించాను.

ఆ అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. ఆఫీసంటే ఒక కిరాయి గది, రెండు కుర్చీలు. పత్రిక ముందు పెట్టి, కోపం లేకుండా మాట్లాడింది. కోపపడితే నాకు సులువుగా ఉండేది.

"నేను చేసినయన్నీ ఉన్నయి సార్. ఒక్కటే లేదు."

"ఏదమ్మా?"

"ఏం కాలేదన్నది. నేను కనుక్కున్నది గదొక్కటే."

డెస్కులో కోశారని చెప్పాను. అది నిజమే. సవరణ వేయిస్తానని మాట ఇచ్చి, ఆమె ముందే ఫోన్ చేశాను. డెస్కు ఇన్‌ఛార్జి అంతా విని, ఒక్కో మాటా చదివి వినిపించాడు. గ్రంథులు పొట్టేళ్లవా? అవును. వాటి మీద మత్తుమందు వేస్తున్నారా? అవును. దుకాణం ఫోటో మీరే పంపారా? అవును. "మరి సవరణ దేనికి సార్? తప్పేది?" అన్నాడు. నేను పట్టుబడితే, సరే వేద్దాం గానీ దసరా అయ్యేదాకా పేజీల్లో వేలు దూర్చే జాగా కూడా లేదు, అన్నీ శుభాకాంక్షలే అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాలో కొంత ఊరట కలిగిన సంగతి ఆమె ముఖం చూసి దాచుకున్నాను. సవరణ అంటే చివరి ఏడాదిలో నా పేరు మీద ఒక మచ్చ. పండుగ దాన్ని వాయిదా వేసింది.

దసరా గురించి బయటివాళ్లకు చెప్పాలి. తెలంగాణలో ఆ పొద్దున మటన్ లేని ఇల్లు తక్కువ. ఏడాదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క పొద్దు ఒక ఎత్తు. ఆ దుకాణం ముందు తెల్లవారకముందే వరస మొదలై, సందు మలుపు దాకా ఉండేది. ఆ గిరాకీని నమ్ముకునే ఆయన ప్రతి ఏటా సంతలో పొట్టేళ్లను ముందే కొనిపెట్టుకునేవాడు. వార్త పడేనాటికే ఈసారివీ కొనేశాడు. పెరట్లో కట్టేసి ఉన్నాయని, వాటికి మేత వేస్తూ ఆయన భార్య ఎవరితోనూ మాట్లాడటం లేదని విన్నాను.

ఆ పొద్దున మా ఇంట్లో పెద్దమ్మాయి ఉంది. బాలింత. నేను సంచీ తీసుకుని బయల్దేరుతుంటే నా భార్య అడ్డొచ్చింది. "అక్కడ ఏం లేదని నాకెరుకే. మీరు రాసిందే గదా. గని బాలింత తినే కూర. ఎందుకన్న మంచిది, ఇంకో దగ్గర తీస్కరాండ్రి" అంది.

ఏమీ లేదని ఈ ఊళ్లో అందరికంటే బాగా తెలిసిన ఇద్దరిలో నేనొకణ్ని. రెండో మనిషి ఆ అమ్మాయి. ఒక్క మాట అంటే సరిపోయేది. పండుగ పూట ఇంట్లో పేచీ ఎందుకనుకున్నాను. ఇంకో దుకాణంలో నిలబడి కూర తీసుకుని, నల్ల కవరును స్కూటరు కొక్కేనికి తగిలించాను. తిన్నగా ఇంటికి పోయినా బాగుండేది. కానీ చేతిలో ఆనాటి పత్రిక ఉంది. ప్రకటన ఇచ్చినవాళ్లకు ఆ రోజు పత్రిక ప్రతిని విలేకరి స్వయంగా ఇచ్చి రావాలి, అది మాలో ఆనవాయితీ. బస్టాండు వెనక దుకాణం యజమాని ముందే మాట ఇచ్చిన పెద్ద ప్రకటనను రద్దు చేసుకోలేదు. అడిగితే నేను చేసేవాణ్నే. ఆయన అడగలేదు, నేను ప్రస్తావన తేలేదు.

సందు ఖాళీగా ఉంది. దుకాణంలో మాంసం వేలాడుతోంది. యజమాని మాంసం కొట్టే మొద్దు ముందు, భార్య పీట మీద. వాళ్లకు ఎదురుగా ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఎవరైనా కాస్త ఆగితే చాలు, సంగతంతా వివరిస్తోంది. నిజం తప్ప మరొకటి చెప్పడం రాని మనిషి. "మందు గొర్రెకు ఇయ్యరు సార్, ల్యాబుల కణాలకు ఇస్తం" అంటుంటే, ఆగినవాళ్లకు మందు అన్న మాటే వినబడుతోంది. కదిలిపోతున్నారు. ఆమెకు జనంతో మాట్లాడే భాష తెలియదు. నాకు తెలుసు. నలభై ఏళ్లుగా అదే నా పని.

అంతలో ఇనుప సామాను దుకాణం పెద్దాయన వచ్చాడు. ఆ వీధిలో ఆయన మాటకు బరువుంది. ఆయన తీసుకుంటే పది ఇళ్లవాళ్లు తీసుకుంటారు. వెనక నలుగురైదుగురు ఆగి చూస్తున్నారు. ఆయన యజమానితో మాట్లాడలేదు. నన్ను చూశాడు.

"మీరే రాసిన్రు గదా సార్. మీరే చెప్పున్రి. తీస్కపోవాల్నా, వద్దా?"

"మేం రాసింది పరిశోధన గురించి," అన్నాను. "దుకాణం గురించి తప్పుగా ఒక్క మాట లేదు. జనం చదివిన తీరులోనే..."

"అది కాదు సార్ నేనడిగింది. తీస్కపోవాల్నా?"

"ఏం పర్వాలేదు. నిశ్చింతగా తీసుకోండి."

ఆయన తల ఊపి, సంచీ యజమాని చేతికి ఇవ్వబోయి ఆగాడు. నా స్కూటరు వైపు చూస్తున్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అడిగాడు.

"మరి మీ బండికున్న కవరు ఏ దుకాణంది?"

నాకు భయం గురించి, ఆ కిడ్నీల మీది గడ్డల గురించి అంతా వివరంగా తెలుసు. ఆ క్షణంలో అవి ఎలా పనిచేస్తాయో కూడా తెలిసింది. అరచేతులు తడిశాయి, చెవుల్లో గుండె కొట్టుకుంది. కూతురు బాలింతని చెప్పి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేది. ఆ అమ్మాయి నన్ను చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఒక కొలత సరిచూసుకున్నట్టు చూసి, చూపు తిప్పుకుంది.

పెద్దాయన సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "పండుగ పూట ఎందుకు తమ్మీ, ఇంకోసారి చూద్దాం" అని యజమానితో మెల్లగా అని వెళ్లాడు. ఆయన వెనక ఆగినవాళ్లూ వెళ్లారు.

యజమాని వైపు చూశాను. మాటకు మాట అంటించే మనిషి. నేను ఆ మాట కోసం నిలబడే ఉన్నాను. "పేపర్ ఆడ పెట్టున్రి సార్" అన్నాడు, అంతే. పెట్టాను. పైకి కనబడుతున్న పేజీలోనే ఆయన ప్రకటన ఉంది. పట్టణ ప్రజలకు, గిరాకీలకు విజయదశమి శుభాకాంక్షలు అంటూ, ఇస్త్రీ అంగీలో, చేతులు జోడించి.

ఆ అమ్మాయి వెళ్లబోతుంటే భార్య పీట మీద నుంచి లేచింది. "తప్పు నీది గాదు బిడ్డా. గని ఇగ ఆ డబ్బా మా దుకాణం మెట్టెక్కొద్దు" అంది. అమ్మాయి తల ఊపింది.

సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర ఊరంతా ఆకు ఇచ్చిపుచ్చుకుని కౌగిలించుకుంటారు. ఏడాది పొడుగునా మాటల్లేనివాళ్లు కూడా ఆ పూట చేతిలో ఆకు పెట్టి కలుస్తారు. నేను గుప్పెడు జమ్మి జేబులో వేసుకుని ఆ సందు దాకా నడిచాను. మలుపు తిరగలేదు. మరునాడు అంగీ ఉతకడానికి వేస్తుంటే ఎండిన ఆకులు కింద రాలాయి.

సవరణ పండుగ సందడి తగ్గాక పడింది. లోపలి పేజీలో, పంచాంగం కింద, రెండు వాక్యాలు. దాన్ని ఎవరూ ఫోనులో పంచుకోలేదు. ఆ సంగతి ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "ఏం తేడా లేదన్నట్టు" అంది. "గది గూడ ఫలితమే సార్." ఆమె ఎత్తిపొడుపుగా అన్నదో, సైన్సుగా అన్నదో నాకు తెలియలేదు.

తర్వాత చాలాకాలం ఆమె తెల్లవారే మొదటి బస్సుకు గజ్వేల్ వైపు వెళ్లి, ఎక్కడో ఒక దుకాణాన్ని పట్టుకుని, ఐసు డబ్బాతో తిరిగివచ్చేదట. దారిలోనే కొన్ని కణాలు పాడైపోయేవి. రెండు ప్రయోగాలు మొదటి నుంచి చేయవలసి వచ్చిందని విన్నాను. పెరట్లో మిగిలిన పొట్టేళ్లను యజమాని మళ్లీ సంతకు తోలించాడు. దుకాణం బోర్డు దింపేశాడు. ఊరు మరో భయం దొరికాక ఈ భయాన్ని మరిచిపోయింది. గిరాకీ కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. ఇనుప సామాను పెద్దాయనే ముందు వచ్చాడట. వరస కుదిరిన కొన్నాళ్లకు యజమాని ఆ అమ్మాయికి తానే కబురు చేశాడు, డబ్బా తెచ్చుకొమ్మని. ఆయన భార్య అడ్డుచెప్పలేదు. అందులో నా పాత్ర లేదు.

నేను రిటైరయ్యాక ప్రతి ఆదివారం అక్కడే తీసుకుంటున్నాను. వరసలో ముందు నిలబడే ప్రయత్నం చేస్తాను, దాంతో ఏదో తీరుతుందన్నట్టు. మొన్నామధ్య ఒక ఆదివారం, వరస పలచబడ్డాక యజమాని చేతులు కడుక్కుని, లోపలి నుంచి నీలం అట్ట వేసిన లావుపాటి పుస్తకం తెచ్చాడు. ఆ అమ్మాయికి పట్టా వచ్చిందట. ముందురోజే వచ్చి, దంపతులిద్దరి కాళ్లకూ దండం పెట్టి, ఒక ప్రతి ఇచ్చి పోయిందట.

"ఇంగ్లీషుల ఉన్నది సార్. మా పేరున్నదని చెప్పింది గని, ఎక్కడున్నదో సూసుకోవద్దా? జర చదివి చెప్పున్రి."

కళ్లద్దాలు పెట్టుకుని కృతజ్ఞతల పేజీ తీశాను. మొదట తండ్రి. తర్వాత పరిశోధన నేర్పిన గురువు. ఆ తర్వాత పాత బస్టాండు వెనక సందులోని దుకాణం యజమాని, ఆయన భార్య, ఇద్దరి పేర్లూ పూర్తిగా ఉన్నాయి. వీళ్ల చేతి ఒడుపు లేకపోతే ఈ కణాలు బతికి నా దాకా వచ్చేవి కావు అని రాసింది. తెలుగులో చెప్పాను. భార్య ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. ఫలితం ఏమొచ్చిందో కూడా అడిగింది. చివరికి వెళ్లి చూశాను. హిస్టమిన్ రప్పించే స్రావంలో ఈ మందులవల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు అని, ఆఖరి పేరాలో, తెగిపోకుండా ఉంది.

"ఏమీ కాలేదట," అన్నాను.

యజమాని పుస్తకం అందుకుని అట్ట తుడిచాడు. "మీ పేరు లేదా సార్ ఇండ్ల?"

"లేదు."

"ఉండాల్సింది," అన్నాడు. నా సంచీ తీసుకుని, మొద్దు వైపు తిరిగి, కత్తి అందుకున్నాక, వెనక్కి చూడకుండా అన్నాడు.

"ఫోటోతోని."